నిశ్చితార్థం ల్యాప్‌టాప్

“బ్యాటరీ మంచిగనే ఉంది చెల్లె. లోపల ఏదో ప్రోగ్రాం నడుస్తనే ఉంది, గదే తింటుంది” అన్నాడు నాగేందర్, నాచారం ఇంట్లో విజయశ్రీ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని.

నిశ్చితార్థం నాడు రంజిత్ ఇచ్చిన కానుక అది. నెల తిరగలేదు, గంటకే ఆరిపోతోంది.

నాగేందర్ ఒక్కో ప్రోగ్రామూ ఆపుతూ వచ్చి, ఒకచోట ఆగిపోయాడు.

“ఏందన్నా?”

“నీ స్క్రీన్ మీద ఏది కనబడ్డా రంజిత్ ఫోన్‌కు పోతుంది.”

నిన్న రంజిత్ ఫోన్ చేసి, ‘ఆఫీసుల ఆ భాస్కర్‌తోని అంతసేపు చాటింగేంది?’ అన్నాడు. అతనికెలా తెలిసిందో విజయశ్రీకి ఇప్పుడర్థమైంది.

“తీసేస్తున్న” అన్నాడు నాగేందర్. “నాయినకు చెప్పకు. ఉప్పల్ల ఫంక్షన్ హాల్ గూడ మాట్లాడినం. నా దోస్తని నేనే తెచ్చిన సంబంధం, నా ఇజ్జత్ పోతది. పెండ్లయినంక వాడే మారుతడు.”

“తియ్యకన్నా. ఇప్పుడు గూడ చూస్తున్నడా?”

“ఆ... ఆన్‌లైన్లనే ఉన్నడు.”

విజయశ్రీ ల్యాప్‌టాప్ తన వైపు లాక్కుంది. ఖాళీ పేజీ తెరిచి, పెద్ద అక్షరాల్లో కొట్టింది: ‘రంజిత్, చూస్తున్నవు గద, మంచిగ చూడు. నాకు కాపలా అక్కర్లేదు. ఈ పెండ్లి...’

బ్యాటరీ అయిపోతోందని తెర మీద ఎర్ర గుర్తు వెలిగింది.

నాగేందర్ లేచాడు. మూసేస్తాడనుకుంది ఆమె. అతను గోడ దగ్గరి ఛార్జర్ వైరు లాగి ల్యాప్‌టాప్‌కు పెట్టాడు.

“రాయి చెల్లె. సగంల ఆరిపోతే, చదవలేదంటడు వాడు.”