మోటారు డబ్బుతో ఆవు

మొదటి దెబ్బ కలైయరసన్ భుజం మీద పడింది. రెండోది పడేలోగా అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు మోటార్ల షాపు బయట టీ తాగుతున్నవాళ్లకు కూడా వినిపించింది.

వెంకటప్ప ఆగలేదు. షాపు ముందు పేర్చిన ఇనుప పైపుల్లోంచి ఒకటి లాక్కుని లోపలికి దూరినవాడు, ఎందుకు కొడుతున్నాడో ఇంకా చెప్పనే లేదు. తిరుపతికి నడిచి పోయి, గుండు చేయించుకుని, ఆ పొద్దున్నే ఇల్లు చేరిన మనిషి. దేవుడికి జుట్టు ఇచ్చి వచ్చాడు గానీ కోపాన్ని మాత్రం భద్రంగా వెంట తెచ్చుకున్నాడు.

“వడ్డి లేకుండా ఇచ్చేకి నువ్వెవురురా నా కూతురికి?” అంటూ కడుపులో తన్నాడు.

కలైయరసన్ కౌంటరు కింద ముడుచుకుపోయాడు. పెదవి చిట్లి చొక్కా మీద రక్తం కారుతోంది. “అయ్యా, అది నా దుడ్డు కాదు, బ్యాంకు దుడ్డు,” అన్నాడు వచ్చీరాని తెలుగులో. ఆ మాటకు వీపు మీద ఇంకోటి పడింది.

వెంకటప్పకు ముందు కొట్టి తరువాత అడగడం అలవాటు. కిందటేడు నీళ్ల వంతు దగ్గర సొంత తమ్ముడి పళ్లు రెండు రాలగొట్టి, ఆ సాయంత్రమే వాడికి జావ కాయించి తీసుకుపోయాడు. అయితే ఈసారి కోపానికి కారణం ఉంది. తమిళనాట ధర్మపురి పక్కనున్న ఇండూరులో, వాళ్ల తెలుగు మనుషుల్లో తాతలనాటి వాడుక ఒకటుంది. అప్పంటే వడ్డీ ఉండాలి. వడ్డీ వద్దన్నవాడు పిల్లను అడుగుతున్నాడని అర్థం. ఆ అప్పు తీసుకుంటే పిల్లను ఇచ్చినట్టే. అతని భార్య నంజమ్మ ఆ ఇంటికి వచ్చింది కూడా అలాగే. ఆమె తండ్రి బావి తవ్వించుకోవడానికి వెంకటప్ప తండ్రి వడ్డీ లేకుండా ఇచ్చాడు. బావిలో నీళ్లు పడ్డ నెలకే ఇంటి ముందు మేళం మోగింది. కూతురు కీర్తిక చిన్నప్పటి నుంచీ ఆ కథ అడిగి మరీ చెప్పించుకునేది.

తిరుపతికి బయలుదేరేముందు అతను బోరు మోటారు కొనమని డబ్బంతా కీర్తిక చేతికే ఇచ్చాడు. బీకాం చదివిన పిల్ల, బేరమాడడం తెలుసు. తిరిగి వచ్చి చూస్తే బోరులో కొత్త మోటారు నీళ్లు పోస్తోంది, కొట్టంలో కొత్త ఆవు నెమరు వేస్తోంది. ఒక్క డబ్బుకు రెండెలా వచ్చాయని అడిగాడు. మోటారు వడ్డీ లేని అప్పు మీద వచ్చిందనీ, షాపులో కలైయరసన్ ఏర్పాటు చేశాడనీ, చేతిలో ఉన్న డబ్బుతో ఆవును కొన్నాననీ కీర్తిక చెప్పింది. ఆమె ఇంకా ఏదో చెప్పబోతుండగానే అతను టీవీయస్ ఎక్కి ధర్మపురి దారి పట్టాడు. చుట్టం కాదు, తెలుగువాడు కాదు, మోటార్లు అమ్ముకునే కుర్రాడు. వాడికి తన పిల్లా?

షాపు యజమాని గుణశేఖరన్ వచ్చేసరికి నలుగురు మనుషులు వెంకటప్పను గోడకు అదిమి పట్టుకుని ఉన్నారు. గుణశేఖరన్ పైపు లాక్కుని, అదే పైపుతో వెంకటప్ప మోకాలి మీద ఒక్కటిచ్చాడు. తరువాత సంగతేమిటని అడిగాడు. విన్నాక తల పట్టుకున్నాడు.

క్రెడిట్ కార్డు గీస్తే మోటారు సొమ్ము బ్యాంకు కడుతుందనీ, తొమ్మిది నెలల కంతుల్లో అసలు తిరిగి కడితే చాలనీ, వడ్డీని మోటారు కంపెనీయే తన లాభంలోంచి భరిస్తుందనీ ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. చేతి డబ్బు మోటారుకు పెట్టకుండా ఆవును కొని, పాల డబ్బుతో కంతులు కట్టాలనుకోవడం ఆ పిల్ల తెలివి. తొమ్మిది నెలలు పోతే మోటారూ మిగులుతుంది, ఆవూ మిగులుతుంది. టౌనులో చదువుకున్నవాళ్లందరూ చేస్తున్న పనే.

“బ్యాంకుకు నీ కూతురెందుకు పెద్దాయనా? దానికేమన్నా పెళ్లికావాల్సిన కొడుకున్నాడా?” అన్నాడు.

పట్టుకున్నవాళ్లు కూడా పట్టు వదిలి నవ్వారు. వెంకటప్ప కౌంటరు కింద రక్తం మడుగు చూసి, తన గుండు తానే రెండు చేతులతో బాదుకున్నాడు.

పెద్దాసుపత్రిలో పోలీసు వచ్చి అడిగితే కలైయరసన్ పైపుల మీద జారి పడ్డానని చెప్పాడు. మంచం పక్కనే నిలబడ్డ వెంకటప్పకు ఆ దయ దెబ్బకన్నా ఎక్కువగా తగిలింది. కట్టు కట్టిన చేతిని మెల్లగా తాకి, “తప్పయిపోయింది తంబీ,” అన్నాడు. కుర్రాడు కళ్లు మూసుకున్నాడు.

సాయంత్రం కుంటుకుంటూ ఇల్లు చేరాడు. అతని పంచె మీద రక్తం చూసి కీర్తిక నోరు నొక్కుకుంది. కొడతాడేమోనని నంజమ్మ కూతురికి అడ్డంగా నిలబడింది. వెంకటప్ప చెయ్యెత్తలేదు. గడపలో కూలబడి, ఏ పాపమూ ఎరగని బిడ్డ చెయ్యి విరగ్గొట్టి వచ్చానని ఏడ్చాడు. ఆసుపత్రి ఖర్చంతా తనదేనన్నాడు. అంతలోనే పళ్లు కొరికాడు.

“నిజంగా వాడు ఇచ్చిన అప్పే అయ్యుంటే, వాణ్ణీ నిన్నూ నరికి ఆ బోరు పక్కనే పూడ్చి ఉందును. దేవుడు కాపాడినాడు.”

ఆ తరువాత ముఖం తుడుచుకుని, ఇకమీదట కంతులు తానే పోయి కట్టి వస్తాననీ, బ్యాంకులో చూపించడానికి కార్డు ఇమ్మనీ కూతురి వైపు చెయ్యి చాపాడు.

కీర్తిక తల్లిని పక్కకు జరిపి అతని ఎదుటికి వచ్చి నిలబడింది.

“కార్డు నాది కాదు నాయనా. నువ్వు కొట్టి వచ్చినావే, ఆయనది.”