ముఖ్య అతిథి ప్రసంగం

జ్ఞానాంబ హోసూరులో ఒక బళ్ళో బ్యాండు టీచరు. వార్షికోత్సవంలో పిల్లలు వాయించడానికి మూడు నెలలు కష్టపడి కొత్త మార్చ్ బాణీ రాసింది.

దానికి ముందు ముఖ్య అతిథి ప్రసంగం. ఆయన వేప్పనపల్లి మామిడి వ్యాపారి రంగప్ప. గంటైనా ఆపలేదు. ఎండకు ట్రంపెట్లు కాలుతున్నాయి, పిల్లలు వరసలోనే తూలుతున్నారు.

ఇక లాభం లేదని జ్ఞానాంబ చెయ్యెత్తింది. బ్యాండు ఒక్కసారిగా మోగింది. ప్రసంగం అందులో మునిగిపోయింది. హెడ్మాస్టరు తల పట్టుకున్నాడు.

మార్చ్ అయిపోగానే రంగప్ప వేదిక దిగి నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు. ఉద్యోగం పోయిందనుకుంది.

"మ్యూజిక్ మొదలుపెట్టించింది నువ్వేనామ్మా?"

"నేనేనప్పా."

ఆయన గొంతు తగ్గించాడు.

"బతికించినావు తల్లీ. రాసిచ్చిన ప్రసంగంలో ఆఖరి కాగితం యాడనో పడిపోయినాది. ఎట్లా ముగించాలో తెలీక మొదట్నుంచి మూడు తూర్లు చదివినాను. ఒకరన్నా కనుక్కోలేదు."