కొలబద్ద మేస్త్రి లంగరు

ఒడ్డు మనుషులంటే కొలబద్ద మేస్త్రికి చెప్పలేనంత చులకన.

"చూడు, అన్ని కిటికీల్లోనూ టీవీలే," అన్నాడు, పడవ ముందు భాగంలో వెల్లకిలా పడుకుని, మినుకుమినుకుమంటున్న దీపాలను కాలితో చూపిస్తూ. "నెత్తిమీద ఇంత ఆకాశం పెట్టుకుని పెట్టెల్లోకి తొంగిచూస్తారు. తింటారు, గురక పెడతారు. అంతే, అయిపోయింది బతుకు."

భార్య క్యారియర్ గిన్నెలు ఒక్కొక్కటే విప్పి ముందు పెట్టింది. ఇన్నేళ్లలో ఆమె రాత్రి పడవలో పడుకోవడానికి రావడం ఇదే మొదటిసారి. రేపటికి పడవ ఉండదు కాబట్టి వచ్చింది.

పొద్దున్నే మనుషులొస్తారు. పడవను ముక్కలు చేసి పట్టుకుపోతారు. చుట్టుపక్కలవాళ్లంతా ఏకమై, ఆఫీసుల చుట్టూ తిరిగి, సాధించుకొచ్చిన పని అది. మధ్యాహ్నం బావమరిది వచ్చి ఆ కబురు చెబితే మేస్త్రి పకపకా నవ్వాడు.

"నవ్వులాట కాదు బావా. ఇంతకాలం మా నెత్తినెక్కి కూర్చున్నాడు, ఇక మావల్ల కాదంటున్నారు. పగుళ్లు కూడా చూపించారు నాకు."

"నా పడవకి పగులా? వెంట్రుక దూర్చు చూద్దాం!"

బావమరిది తల పట్టుకుని వెళ్లిపోయాడు. వాడిది ఏసీ గదిలో కూర్చుని చేసే ఉద్యోగం. సుత్తి ఏ వైపు పట్టుకోవాలో తెలియనివాడితో చెక్క గురించి మాట్లాడటమేమిటని మేస్త్రి వాణ్ని ఆపలేదు.

ఇంతకీ అందరినీ ఎగదోసింది ఎవరు? పక్కింటాయన. ఆ పేరు తలచుకుంటేనే మేస్త్రికి ఒళ్లు మండుతుంది. మంచం చేసినా, బీరువా చేసినా, చెక్క ముట్టుకునే ముందు వీధి గుమ్మం దగ్గర్నుంచి గది తలుపు దాకా కొలిచే మనిషి మేస్త్రి. కొలబద్ద అన్న పేరు అందుకే వచ్చింది. ఆ పక్కింటాయనేమో ఘనంగా ఒక సోఫా కొన్నాడు. అది గుమ్మంలో ఇరుక్కుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. చివరికి నడిమికి కోసి, రెండు ముక్కలుగా లోపలికి చేర్చారు. ఆ ముచ్చట మేస్త్రి పెళ్లిళ్లలో చెప్పాడు, చావింట్లో కూడా చెప్పాడు.

"గుమ్మం ఎంతుందో చూసుకోనివాడు కూడా నా మీద ఫిర్యాదు చేసేవాడే!" అన్నాడు ఇప్పుడు, ముద్ద మింగుతూ. "వాడి మొహానికి సోఫా ఒకటి."

"తినేటప్పుడైనా వాళ్లను వదిలెయ్యండి," అంది భార్య.

అమ్మకానికి చేసిన పడవ కాదిది. పని ముగించుకుని వచ్చాక, రోజుకింత చొప్పున ఏళ్లతరబడి కట్టుకున్నాడు. చిన్న దోనెలా మొదలైంది. దోనెకు గది ఉంటే బాగుంటుందనిపించింది. గది కట్టాక అందులో మంచం, మంచం పక్కన అర, ఆ పైన తెరచాప కొయ్య. అలా పెరుగుతూ పోయింది. పూర్తయిన నాడు లంగరు తాడు తనే ముడివేసి, రాత్రంతా ఇక్కడే పడుకున్నాడు. ఆనాటి నుంచీ ఆకాశం నిర్మలంగా ఉందంటే చాలు, అతని పడక ఇక్కడే.

"పొద్దున వాళ్లు వచ్చేలోగా లంగరు ఎత్తేసి వెళ్లిపోకూడదూ?" అంది భార్య. ఆ గొంతులో వెటకారం ఉందో లేదో మేస్త్రికి అంతుపట్టలేదు. "ఇన్నేళ్లలో ఒక్కసారైనా దీన్ని కదిలించారా?"

"వాళ్లకి జడిసి ఎత్తుతానా? నేనా?" కస్సుమన్నాడు. "అయినా నీకేం తెలుసు నీళ్ల సంగతి?"

ఆమె నవ్వింది. గిన్నెలు సర్దేసి, వచ్చి పక్కన పడుకుంది. గాలి చల్లగా ఉంది. చుక్కలు చేతికందేలా ఉన్నాయి. తెరచాప కొయ్య కొసకు సరిగ్గా పైన ధ్రువనక్షత్రం నిలబడి ఉంది.

"అదిగో, చూడు. రాత్రంతా చూసినా ఆ కొస మీంచి అంగుళం జరగదు. మిగతావాళ్ల పడవలు లంగరేసినా గిరగిరా తిరుగుతాయి. లంగరంటే ఇదీ."

పక్కనే ఎక్కడో నీళ్లు గలగలా పొర్లి పారిన చప్పుడైంది. ఆమె లేవబోయింది.

"పడుకో. దానంతటదే ఆగుతుంది."

ఆగింది. ఆ తర్వాత ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఆమె ఊపిరి కూడా వినిపించింది.

"నిజంగానే బాగుందండీ," అంది ఆమె. "ముందే రావాల్సింది."

ఈ మాట కోసం ఎన్నేళ్లు ఎదురుచూశాడో మేస్త్రికే తెలుసు. రేపు వీళ్లు నా పడవను కోస్తారు అన్న బాధ మొదటిసారి గుండెలో దిగింది. కాసేపటిదాకా ఎవరినీ తిట్టలేకపోయాడు.

"ఒక్క మాట చెప్పనా?" అంది ఆమె, ఆకాశంలోకి చూస్తూనే. "ఆ సోఫా ఆయన్ని ఇంకెప్పుడూ వెక్కిరించకండి."

మేస్త్రి జేబులోని కొలత టేపును పిడికిట్లో బిగించి, అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లారాక రంపాలతో వచ్చినవాళ్లు పడవ వెడల్పు కొలిచి, మెట్ల వెడల్పు కొలిచి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, అయిదంతస్తుల మేడ డాబా మీద, నీళ్ల ట్యాంకుకు కట్టి ఉన్న లంగరు తాడు విప్పడం మొదలుపెట్టారు.