దర్జీ సాక్ష్యం

మీరు గడుసువాళ్ళే, కాదనను. అయినా ఖాదర్ మొహిద్దీన్ కుట్టుమిషను ముందు ఒక్క పూట కూర్చుని ఉంటే తెలిసేది. మీ చెప్పులు మీవి కావని ఆయన నమ్మిస్తే, మీరూ ఉత్తకాళ్ళతో ఇంటికి పోయేవాళ్ళే.

అల్లూరు దాటాక, సముద్రానికి రెండు మైళ్ళ ఇవతల ఆ ఊరు. బస్సు ఆగే మూలనే ఖాదర్ దర్జీ కొట్టు. ఒక పెళ్ళికొడుక్కి ప్యాంటు ఒక కాలు పొట్టిగా కుట్టి, "లోపం గుడ్డలో లేదబ్బయా, నీ కాల్లోనే ఉంది" అని నమ్మించి, వారం రోజులు కుంటించిన ఘనుడు. ఆయన వాన వస్తుందంటే ఊళ్ళో వడ్లు ఎండబోసేవాళ్ళు. ఎండ కాస్తుందంటే లోపలికి ఎత్తుకునేవాళ్ళు.

కొట్టు పక్కిల్లే హనీఫాది. తండ్రి లేడు. తల్లి నాగూర్‌బీ గాజుల మలారం మోసుకుంటూ ఊళ్ళు తిరిగి వాణ్ణి ఎస్సెల్సీ దాకా చదివించింది. 1963లో నెల్లూరులో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా పని ఖాయమైంది. ఇక రావలసింది నడవడిక మీద పోలీసు రిపోర్టు ఒక్కటే.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, గొడుగు చంకన పెట్టుకున్న పెద్దమనిషి బస్సు దిగి దర్జీ కొట్టు ఎక్కడని అడిగాడు. పంచె, జుబ్బా. ఎవరో పెళ్ళిసంబంధం వాకబుకి వచ్చారనుకున్నాడు హనీఫా. అట్లాంటి వాళ్ళంతా మొదట పోయేది ఆ కొట్టుకే. నవ్వుతూ దారి చూపించాడు. పాపం, పరాయివాడు మోసపోకూడదని ఖాదర్ మామూ గుణం కూడా రెండు ముక్కల్లో చెప్పి పంపాడు.

పది రోజులకి కాగితం వచ్చింది. హనీఫాకి చేతివాటం ఉన్నట్టు, దొంగతనం చేసి జైలుకు పోయి వచ్చినట్టు విచారణలో తేలిందట. అందువల్ల ఉద్యోగం ఇవ్వడానికి వీల్లేదట.

గొడుగాయన మఫ్తీలో వచ్చిన పోలీసని అప్పుడు తెలిసింది. ఆయన ఆ ఊళ్ళో ఎక్కిన గడప దర్జీ కొట్టు ఒక్కటే.

హనీఫా పరాయి దొడ్లో జామకాయ కూడా కోసినవాడు కాదు. అయినా సాయంత్రానికల్లా ఊరంతా పాకిపోయింది. మర్నాడు గాజులు తొడిగించుకోవడానికి కూర్చున్న ఒకావిడ, తీసి పక్కన పెట్టిన వెండి కడియాన్ని గబుక్కున కొంగున ముడేసుకుంది. నాగూర్‌బీ చూసింది. ఇంటికి వచ్చి మలారం మూలన పెట్టింది. మళ్ళీ ఎత్తలేదు.

హనీఫా కొట్టుకు పోయాడు. అక్కడ నలుగురు కూర్చుని ఉన్నారు.

"మామూ, నా గురించి ఏం చెప్పినావు ఆయనకి?"

ఖాదర్ కాలు మిషను తొక్కడం ఆపేసింది. "మంచే చెప్పినా రా. నీ మీద ఒట్టు."

నలుగురూ గొల్లున నవ్వారు.

"ఇంకా ఎగతాళేనా మామూ?" అన్నాడు హనీఫా.

ఖాదర్ మిషను మీది గుడ్డ తీసి మడిచి పక్కన పెట్టాడు.

నెల్లూరులో ప్లీడరు హజరత్తయ్య కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"రిపోర్టు నకలు కావాలని అర్జీ పెడదాం. తొందరగా ఇయ్యరు. తప్పుడు మాట చెప్పినాయన మీద పరువునష్టం దావా వెయ్యొచ్చు, క్రిమినల్ కేసూ పెట్టొచ్చు. అది తేలేలోపల నీకు గడ్డం నెరిసిపోద్ది. ఉద్యోగమేమో నెలరోజులే ఆపుతారు."

"ఇంకేం దారి లేదా సార్?"

"ఆ చెప్పినాయనే, నేను చెప్పింది అబద్ధమని అఫిడవిట్ రాసిస్తే మళ్ళీ విచారణ చెయ్యమని అడగొచ్చు. ఎవడిస్తాడబ్బయా?"

ఆ మాట నాగూర్‌బీ ఏడుస్తూ గోడ అవతలున్న ఖాదర్‌కి చెప్పింది. తెల్లారి బస్సు దగ్గర ఖాదర్ ఉతికిన చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ముందు సీట్లో కూర్చుంటే, హనీఫా పోయి ఆఖరి సీట్లో కూర్చున్నాడు.

"నేను ఆ పోలీసాయనకి చెప్పింది అబద్ధం. అట్లనే రాయండి సార్," అన్నాడు ఖాదర్.

"పరాచికం కాదిది. ప్రమాణం చేసి చెప్తుండావు. ఇందులో అబద్ధముంటే జైలే."

"తెలుసు సార్."

తల ఎత్తలేదు. ఊరందరి కొలతలూ తీసిన చేత్తో, చూపించిన చోట సంతకం పెట్టాడు. హనీఫాకి జాలి కలగలేదు. ఈ మనిషిని ఇన్నాళ్ళు మామూ అని పిలిచినందుకు సిగ్గేసింది.

మళ్ళీ విచారణ జరిగింది. ఈసారి ఊళ్ళో పదిమందిని అడిగారు. ఉద్యోగం వచ్చింది.

ఖాదర్ కొట్టుకు మాత్రం గుడ్డలు రావడం తగ్గిపోయింది. పక్కింటి బిడ్డ నోటికాడ కూడు తీసినవాడి చేత ఎవరు కుట్టించుకుంటారు? హనీఫా కూడా కొత్త చొక్కా నెల్లూరులోనే కుట్టించుకున్నాడు. ఉద్యోగానికి పోయేరోజు, మెడలో టేపుతో ఖాదర్ కొట్టు ముందుకు వచ్చాడు.

"చంక కాడ బిగబట్టినాడు అబ్బయా. ఇట్లియ్యి, ఒక్క నిమిషంలో వదులు చేస్తా."

హనీఫా తిరిగి చూడకుండా బస్సెక్కేశాడు.

రెండు నెలల తర్వాత ప్లీడరు కబురు చేశాడు.

"నకలు ఇప్పటికి వచ్చింది. దర్జీ మీద దావా వేస్తానంటే ఇదే ఆధారం. నేనింకా చూడలేదు, నువ్వే చదువు."

హనీఫా నిలబడే చదివాడు. ఆఖరి వాక్యం దగ్గర, పక్కనున్న కుర్చీ కోసం చెయ్యి చాపాడు.

'బస్సు దిగగానే ఒక యువకుడు ఆ దర్జీ ఏది చెప్పినా తిరగేసుకోవాలని నన్ను హెచ్చరించినందువల్ల, "హనీఫా పరాయి గుండుసూది ముట్టడు, జైలు గుమ్మం ఎరగడు, మా ఊరికంతా వాడొక్కడే బంగారం" అని దర్జీ చెప్పినదంతా తిరగేసి రాయడమైనది.'