నాలుగిళ్లు దాటి

"ఇంటింటికీ వరసగా వచ్చినవాడు మీ ఇల్లు దాటాక నాలుగిళ్లు వదిలేశాడు. నేరుగా మేస్త్రి ఇంటికే వెళ్లాడు. ఎందుకు?"

విచారణ అధికారి ఆ మాట అడగడం ఇది మూడోసారి. దర్జీ మిషను ముందు స్టూలు మీద కూర్చుని, మెడలో వేలాడుతున్న టేపుని వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుకుంటున్నాడు, మళ్లీ చుట్టుకుంటున్నాడు.

"నాకేం తెలుసు సార్? పిచ్చెక్కినవాడికి వరసేమిటి, వావేమిటి?"

"ఆ పిచ్చెక్కినవాడే పై వీధిలో ఒక్క ఇల్లూ వదల్లేదు. తొమ్మిది మందిని చంపాడు. ఇక్కడికొచ్చేసరికి ఏమైంది?"

నెల కిందట ఆ ఊరి కానిస్టేబులు మధ్యాహ్నం మూడింటికి స్టేషను తుపాకీ పట్టుకుని బయల్దేరాడు. ఆ వేళకి కొండ మీద క్వారీలో రోజూ పేలుళ్లు ఉంటాయి కనక చప్పుడుకి ఎవరూ ఉలిక్కిపడలేదు. తలుపు కొట్టింది మన పోలీసాయనే కదా అని అందరూ తీశారు. ఆఖరికి మేస్త్రి ఇంట్లో ఐదుగురినీ కాల్చి, అక్కడే తనూ కాల్చుకున్నాడు. అతను కొట్టినా తలుపు తియ్యంది దర్జీ ఒక్కడే.

దాంతో ఊళ్లో అతనికి 'ముందుచూపు మాస్టరు' అని పేరొచ్చింది. టీ కొట్టుకి వెళితే కుర్చీ జరుపుతున్నారు. "గొంతు వినగానే పసిగట్టేశావట గదయ్యా!" అంటుంటే అతను అవుననలేదు, కాదనీ అనలేదు. మెచ్చుకున్న ప్రతిసారీ ముళ్ల మీద కూర్చున్నట్టుండి, టీ సగంలో వదిలేసి వచ్చేసేవాడు.

అధికారి కాగితాలు ముందుకి లాక్కున్నాడు. "ఊళ్లో ఒక మాట వినిపిస్తోంది. మేస్త్రి పెద్దకూతురికీ వాడికీ మధ్య ఏదో ఉందట. వాడు బయల్దేరిందే ఆ ఇంటి కోసమట. వేరే కారణం దొరక్కపోతే ఇవాళ అదే రాసి సంతకం పెట్టేస్తాను."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ దర్జీ భార్య ఒక్కసారిగా తలెత్తింది. మేస్త్రి ఆమెకి సొంత అన్న. ఆ పెద్దకూతురు ఆమె చేతుల్లో పెరిగిన పిల్ల.

"మా పిల్ల అలాంటిది కాదు సార్."

"పోయినవాళ్ల గురించి అందరూ అలాగే అంటారమ్మా. నాకు కావాల్సింది కారణం."

ఆమె మొగుడి వైపు చూసింది. నెల రోజులుగా అన్నానికి రమ్మనడం తప్ప అతనితో మరో మాట మాట్లాడని మనిషి. ఆ చూపు అతనికి అర్థమైంది. చెబితే ముందుచూపు పేరు పోతుంది, పోతే పోనీ. ఊరు ఊరుకుంటుందా? ఆ పద్నాలుగు ప్రాణాలూ తన నెత్తినే రుద్దుతుంది.

అధికారి కలం మూత తీశాడు. 'మేస్త్రి పెద్ద కుమార్తెతో' అని మొదలుపెట్టాడు.

"ఆగండి సార్!"

దర్జీ లేచి, గుడ్డల మూట అడుగునుంచి ఒక ఖాకీ చొక్కా లాగి బల్ల మీద పడేశాడు. కాలరు, చేతులు అయిపోయాయి. కాజాలే మిగిలాయి.

"ఇది వాడిదే. మూడు వారాలు తిప్పాను. రేపు, ఎల్లుండి, ఇదిగో అయిపోయింది, అంటూ. ఆ రోజు ఇస్తానని ఒట్టేశాను. వాడొచ్చే వేళకి లోపల గడియ పెట్టుకుని, ఈ బల్ల కిందకి దూరాను. పసిగట్టడమూ లేదు, పాడూ లేదు సార్. చొక్కా కోసమొచ్చాడనుకున్నాను!"

అధికారికి నవ్వు రాబోయి, సగంలోనే చచ్చిపోయింది. "తలుపు కొడితే?"

"లేనని చెప్పమన్నాను."

"ఎవర్ని?"

దర్జీ తల దించుకున్నాడు. "మా ఆవిణ్ని."

"తలుపుకి అవతల తుపాకీ. ఇవతల నీ భార్య. బల్ల కింద నువ్వు."

దర్జీ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేశాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. అయినా నెల తర్వాత గుండెల మీంచి బండ దిగినట్టుంది. ఇంక దాచడానికి ఏమీ లేదు.

అధికారి మళ్లీ కలం పట్టుకున్నాడు. "సరే, నీ చొక్కా సంగతి తేలింది. నువ్వు ఎలా బతికావో తెలిసింది. మేస్త్రి ఇంటి సంగతి ఇంకా తేలలేదు. నా ప్రశ్న నాలుగిళ్లు ఎందుకు వదిలాడని."

"అది నాకు నిజంగా తెలీదు సార్. బల్ల కింద చెవులు మూసుకుని కూర్చున్నాను."

"అయితే నేను రాసింది రాసినట్టే ఉంటుంది."

దర్జీ భార్య గుమ్మం వదిలి వచ్చి, ఆ కాగితం మీద అరచెయ్యి పెట్టింది.

"కొట్టెయ్యండి సార్. మా పిల్ల పేరు కొట్టెయ్యండి."

"మరేం రాయమంటావమ్మా?"

"లేరంటే వాడు కదల్లేదు. ఎక్కడున్నాడో చెప్పు, అక్కడే పట్టుకుంటానన్నాడు." ఆమె దర్జీ వైపు తిరిగింది. "లేనని చెప్పమన్నారు గానీ, ఎక్కడికెళ్లారని చెప్పాలో మీరు చెప్పలేదు. నోటికొచ్చింది... మా అన్నయ్య ఇంటికెళ్లారని చెప్పాను."