సింహాద్రి తోసిన ఓడ

విశాఖ శ్మశానంలో పొగ పట్టే గొట్టాలు బిగించాక, పోయినవాళ్లంతా ఓడలకు ఇంధనమైపోతున్నారు. అప్పలకొండ మొగుడు సింహాద్రి పొగ కూడా అండమాన్ ఓడకే చేరింది. బతికున్నన్నాళ్లూ సముద్రమంటే హడలిపోయి, పెళ్లాన్ని ఒక్కసారైనా ఓడ ఎక్కించని మనిషి!

పెద్దకర్మ ముగిసిన మర్నాడే ఆమె సంచి సర్దుకుని రేవుకు వెళ్లింది. టిక్కెట్టు అడిగిన గుమస్తాను ఎగాదిగా చూసి, "మా ఆయన తోసే ఓడకి నాకు టిక్కెట్టేటి బాబూ?" అంటూ శ్మశానం వాళ్లిచ్చిన రసీదు ముందు పెట్టింది. వరుసలో అందరూ ఘొల్లుమన్నారు. గుమస్తా తల గోక్కుని ఆమెను లోపలికి పంపేశాడు.

రేవు దాటగానే ఓడ ఆగిపోయింది. అప్పలకొండకు ఎక్కడలేని కోపం వచ్చింది. తిన్నగా ఇంజను గదిలోకి దిగి, "ఇక్కడికొచ్చి కూడా బయవేనేటి? నానున్నాను కదా, కదులు!" అని కేకేసింది.

ఇంజను గుర్రుమని కదిలింది.

మసితో పూడుకుపోయిన వడపోతను అప్పుడే శుభ్రం చేసి బిగించిన ఇంజనీరు ఎస్తేరు ఆ సంగతి చెప్పబోయింది. అప్పలకొండ కళ్లలో నీళ్లు చూసి ఊరుకుంది. స్టూలు ముందుకు జరిపి అంది:

"ఇంకా మూడ్రోజుల దారుందమ్మా. ఇక్కడే కూచోండి. మా మాటైతే వినడు."