వెనక వరసలో రొవేనా

"ఆ డబ్బా తీసుకుని గుమ్మం దిగు, దొలోర్! ఇది చావు జరిగిన ఇల్లు. మీ గంతుల మైదానం కాదు."

ఆర్సెనియో పదిమందికీ వినపడేలా అరిచాడు. దొలోర్ గుమ్మం దిగలేదు. చేపల మార్కెట్‌లో పెరిగిన గొంతు ఆమెది, ఒకడు అరిస్తే తగ్గే రకం కాదు. చంకలో స్పీకరు పెట్టుకుని, వెనక తన ఆడవాళ్లందరితో అక్కడే నిలబడింది. రోజూ పొద్దున్నే ప్లాజా మైదానంలో డాన్సుకి వేసుకునే ఊదారంగు బనియన్లే వేసుకొచ్చారు అందరూ.

గదిలో, అద్దం మూత ఉన్న పెట్టెలో, ఆర్సెనియో భార్య రొవేనా పడుకుని ఉంది. మెడ దాకా గుండీలు, మణికట్టు దాకా చేతులు ఉన్న తెల్ల జాకెట్టు వేశారు. కాసేపట్లో చర్చికి తీసుకెళ్లాలి.

"ఒక్క పాటే తమ్ముడూ," అంది దొలోర్. "'అక్కా, నేను పోతే మీరంతా నా ముందు ఈ పాటకి ఆడాలి' అని నాతో అంది. నవ్వుతూనే అందిలే. కానీ అంది."

ఆ పాట ఏదో పేటంతటికీ తెలుసు. 'తలుపు నాది, తాళం నాది, అడ్డు తప్పుకోరా' అంటూ ఒక అమ్మాయి గొంతు చించుకుంటుంది, కింద డప్పులు దంచేస్తుంటాయి. అది మొదలైతే చాలు, చేపలమ్మేవాళ్లూ, పంతులమ్మలూ, మనవలున్న ముసలమ్మలూ కూడా పిడికిళ్లెత్తి ఆడేస్తారు. రొవేనా ఎప్పుడూ వెనక వరసలోనే ఉండేది. ఒళ్లు తడిసిపోయే ఉక్కలోనూ నిండు చేతుల చొక్కాతోనే వచ్చేది. అదేంటమ్మా అని ఎవరూ అడగలేదు. ఆర్సెనియో పేట కాపలాదళానికి నాయకుడు, పైగా నలుగురిలో మంచివాడు. ఆ పాటలోనే 'భయం లేదు, భయం లేదు' అని రోజూ గొంతెత్తి పాడిన అంతమంది ఆడవాళ్లలో ఒక్కరికీ ఆ చొక్కా చేతులు పైకి తీసి చూసే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు ఏడ్చి ఏం లాభం?

"మీకు సిగ్గుందా అసలు?" అన్నాడు ఆర్సెనియో. "నా పెళ్లాం పోయి నేనేడుస్తుంటే డాన్సులు చేస్తారా?"

"ట్రైసికిల్ నడిపే సెల్సో పోయినప్పుడు ఏం తక్కువైంది? పేకాట ఆడారు, మైకు పెట్టి పాటలు పాడారు. అది ముక్కుతో పొడిచినప్పుడల్లా చంపినవాడి గుండెల్లో గుచ్చుకోవాలని పెట్టె మీద కోడిపిల్లని కూడా వదిలారు. అప్పుడు పేక ముక్కలు పంచింది నువ్వే కదయ్యా! ఈ పిల్ల పాట ఒక్కటే నీకు బరువైందా?"

"సెల్సోని కత్తితో పొడిచారు. వాడి సంగతి వేరు." ఆర్సెనియో గొంతు కాస్త తగ్గింది. "మా ఆవిడ బాత్రూంలో జారిపడింది. దేవుడు పిలిచాడు, వెళ్లింది. ప్రశాంతంగా పోనివ్వండి."

ఇక్కడా ఆచారం కొద్దీ ఓ మూల పేకాడుతున్న మగవాళ్లు తలలూపారు. "పాపం, బంగారంలాంటి జంట," అన్నాడొకాయన. చచ్చినవాళ్ల కళ్లు చారెడేసి అంటారు. ఈ ఇంట్లో కాపురం కూడా చారెడైపోయింది.

అప్పుడు కదిలింది ఆర్సెనియో తల్లి, నానాయ్ పురింగ్. కొడుకు, కోడలితో ఆ ఇంట్లోనే ఉంటుంది. పెట్టె వచ్చిన దగ్గర్నుంచీ దాని పక్కనే కూర్చుంది. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ కాఫీ ఇప్పించి, "తడి నేల నాయనా, జారింది" అని చెబుతోంది. పొద్దున పెరట్లోకి వెళ్లొచ్చాక ఒళ్లంతా శాలువా కప్పుకుంది. ఇంత ఉక్కలో చలేమిటే అమ్మా అని కొడుకు అడిగితే, ముసలి ఒళ్లురా అంది.

"పెట్టనీరా," అంది ఆవిడ.

"నువ్వూరుకో అమ్మా. నీకు తెలీదు."

"నాకు తెలీకపోవడమేంటి? అంట్లు తోముతూ ఈ పాటే కూనిరాగం తీసేది. నీ బండి చప్పుడు వినపడగానే ఆపేసేది. సగం సగం పాడే చచ్చిపోయింది. ఒక్కసారి పూర్తిగా విననీరా దాన్ని."

ఆర్సెనియో చుట్టూ చూశాడు. అందరి కళ్లూ అతని మీదే ఉన్నాయి. కన్నతల్లి మాట కాదంటే బాగుండదు. పక్కకి తప్పుకున్నాడు.

"గట్టిగా పెట్టు దొలోర్," అంది నానాయ్ పురింగ్. "ఇంకా గట్టిగా. మరేం వినపడకూడదు."

పెట్టె అద్దం మీద కన్నీళ్లు పడితే పోయినవాళ్ల దారి బరువవుతుందంటారు. అందుకని ఆడవాళ్లు దూరంగా, గుమ్మం ముందు వరసలు కట్టారు. వెనక వరసలో ఒక చోటు ఖాళీగా వదిలారు. డప్పులు మొదలయ్యాయి. పిడికిళ్లు లేచాయి. ఆడుతున్నారు, ఏడుస్తున్నారు. 'తలుపు నాది' దగ్గర దొలోర్ పెదాలు మాత్రమే కదిలాయి. పేకాటవాళ్లు కూడా ముక్కలు కింద పెట్టేశారు. ఆర్సెనియో రుమాలుతో మొహం కప్పుకున్నాడు. అయ్యో పాపం అని ఎవరో అతని వీపు నిమిరారు.

నానాయ్ పురింగ్ కుర్చీలోంచి లేచి, కోడలి మొహం చూసుకోవడానికి పెట్టె మీదకి వంగింది.

పాట అయిపోయింది. ఆ నిశ్శబ్దంలో కిచకిచమని సన్నగా ఏదో అరిచింది.

ఆర్సెనియో రుమాలు తీసి చూశాడు. తల్లి శాలువా నేల మీద పడి ఉంది. అద్దం మీద, సరిగ్గా రొవేనా మొహానికి పైన, ఒక కోడిపిల్ల టక్‌టక్‌మని ముక్కుతో పొడుస్తోంది. అది జారిపోకుండా రెండు అరచేతులూ అడ్డుపెట్టి, తల్లి కన్నకొడుకు వంకే చూస్తోంది.